జంట మందులన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు

సంపాదకులకు,

ముదిరిన కేన్సర్‌కు టార్గెటెడ్ థెరపీ, ఇమ్యునోథెరపీ కలిపి ఇస్తున్న ట్రయల్స్ గురించి పత్రికల్లో వార్తలు పెరిగాయి. సంతోషమే. కాకపోతే ఆ వార్తల్లో తికమక ఒక చిన్న మాట దగ్గరే మొదలవుతోంది. కేన్సర్ ముదిరే క్రమాన్నీ ‘దశ’ అంటాం, ట్రయల్ నడిచే క్రమాన్నీ ‘దశ’ అనే అంటాం. ‘మూడో దశలో మంచి ఫలితాలు’ అని శీర్షిక పెడితే, మూడో దశ కేన్సర్ ఉన్నవాళ్లకు నయమవుతోందని అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. తీరా చూస్తే అది నాలుగో దశ కేన్సర్ మీద జరిగిన మూడో దశ ట్రయల్ అయి ఉంటుంది. రోగానికి ‘దశ’, ట్రయల్‌కు ‘ఫేజ్’ అని విడదీసి రాస్తే ఈ చిక్కు ఉండదు. ఈ ఉత్తరంలో మేం అలాగే రాస్తున్నాం. నరంలోకి ఎక్కించే ప్రతి మందునూ ‘కీమో’ అనేయడం ఇంకో అలవాటు. ఇక్కడ మేం చెప్పబోయే జంటల్లో ఒక్క మందు కూడా కీమో కాదు.

అసలు సంగతి ఇంతకన్నా పెద్దది. ‘రెండూ కలిపితే కేన్సర్ లొంగుతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఏ రెండు? ఏ కేన్సర్‌లో? ఏది ముందు, ఏది వెనక? దేనితో పోలిస్తే? ఈ నాలుగూ తెలియకపోతే ఆ వాక్యానికి అర్థమే లేదు. ఒక జంట మనిషి ఆయుష్షు పెంచింది. దాదాపు అదే సూత్రంతో కట్టిన మరో జంట ఊపిరితిత్తులను దెబ్బతీసింది.

టార్గెటెడ్ మందులు ఎక్కువగా మాత్రలు. వీటిలో రెండు రకాలను వేరుగా చూడాలి. ఒక రకం కేన్సర్ కణంలోనే చెడిన మీటను పట్టుకుంటుంది. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, బీరాఫ్ లాంటి జన్యువుల్లో మార్పు ఉన్నవాళ్లకు ఇచ్చేవి ఇవే. రెండో రకం కణితికి కొత్త రక్తనాళాలు పుట్టించే సంకేతాన్ని ఆపుతుంది. ఆ సంకేతం పేరు వీఈజీఎఫ్. ఆక్సిటినిబ్, లెన్వాటినిబ్, కాబొజాంటినిబ్ మాత్రలూ, ఎక్కించే బెవాసిజుమాబ్ కూడా ఈ కోవలోవి. ఇక ఇమ్యునోథెరపీలో ఇప్పుడు ఎక్కువగా వాడేవి పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, అటెజోలిజుమాబ్ లాంటి మందులు. కేన్సర్ మీద పడాల్సిన టీ కణాలకు (ఇవి రోగనిరోధక కణాలు) ఒంట్లోనే ఒక బ్రేకు ఉంటుంది. ఈ మందులు ఆ బ్రేకు వదులు చేస్తాయి. ఆ బ్రేకుల సంగతి కనిపెట్టిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది.

కలపాలన్న ఆలోచన వెనక తర్కం బాగానే ఉంది. మాత్ర త్వరగా పనిచేస్తుంది, చాలామందికి కణితి తగ్గుతుంది, కానీ కొన్ని నెలలకు కేన్సర్ దారి మార్చుకుంటుంది. ఇమ్యునోథెరపీ నిదానంగా, కొద్దిమందిలోనే పనిచేస్తుంది, కానీ పనిచేసినవాళ్లలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఒకదాని వేగం, ఇంకోదాని నిలకడ రెండూ దక్కితే చాలుగా అనిపిస్తుంది. వీఈజీఎఫ్ మందుల విషయంలో మరో కారణం కూడా ఉంది. ఆ సంకేతం రక్తనాళాలను పెంచడంతో ఆగదు, టీ కణాలు కణితిలోకి రాకుండా అడ్డుపడుతుంది. దాన్ని ఆపితే తలుపు తీసినట్టవుతుంది. గెలిచిన జంటల్లో ఎక్కువ భాగం కిడ్నీ, కాలేయం, గర్భాశయ లోపొర కేన్సర్లలోనే, వీఈజీఎఫ్ మందులతోనే కనబడటానికి ఇదొక కారణమని మా అభిప్రాయం.

కిడ్నీ కేన్సర్‌లో జరిగిన కీనోట్-426 ట్రయల్‌నే తీసుకోండి. 861 మందిని చీటీలు తీసినట్టు రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి మూడు వారాలకోసారి 200 మిల్లీగ్రాముల పెంబ్రోలిజుమాబ్ ఎక్కిస్తూ, రోజూ రెండు పూటలా 5 మిల్లీగ్రాముల ఆక్సిటినిబ్ మాత్ర ఇచ్చారు. రెండో వర్గానికి అప్పటికే వాడుకలో ఉన్న సునిటినిబ్ మాత్ర ఒక్కటే. ఏడాది తిరిగేసరికి జంట మందు తీసుకున్నవాళ్లలో 89.9 శాతం, సునిటినిబ్ తీసుకున్నవాళ్లలో 78.3 శాతం బతికి ఉన్నారు. మరణ ప్రమాదాల నిష్పత్తి 0.53, అంటే ప్రమాదం దాదాపు సగానికి తగ్గింది. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జంటకు అనుమతి ఇచ్చింది. వార్తలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. అయిదేళ్ల లెక్కలో బతికి ఉన్నవాళ్లు 41.9 శాతం, 37.1 శాతం. నిష్పత్తి 0.84కి వచ్చింది. మేలు ఉంది, కానీ మొదట్లో కనిపించినంత వెడల్పు లేదు. సునిటినిబ్‌తో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రోగం ముదిరాక ఇమ్యునోథెరపీ తీసుకున్నారు, ఈ తేడా తగ్గడంలో దానికీ వాటా ఉంది. పైగా పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇచ్చిన వర్గం ఆ ట్రయల్‌లో లేదు, ఆక్సిటినిబ్ ఒక్కటే ఇచ్చిన వర్గమూ లేదు. కాబట్టి ఈ మేలులో ఏ మందు వాటా ఎంతో, ఒకదాని తర్వాత ఒకటి ఇస్తే ఏమయ్యేదో ఆ ట్రయల్ చెప్పలేదు. ‘దేనితో పోలిస్తే?’ అని మేం అడిగేది ఇందుకే.

గర్భాశయ లోపొర కేన్సర్‌లో కీనోట్-775 ఇంకా స్పష్టమైన ఫలితం. లెన్వాటినిబ్, పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇస్తే మధ్యస్థ జీవితకాలం (సగం మంది బతికి ఉన్న కాలం) 18.3 నెలలు, కీమోతో 11.4 నెలలు. కాలేయ కేన్సర్‌లో ఐఎంబ్రేవ్150 ట్రయల్ అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జంటను సొరాఫెనిబ్ మాత్రతో పోల్చింది. అక్కడా జంటే గెలిచింది, 19.2 నెలలు, 13.4 నెలలు. అయితే ఆ ట్రయల్‌లో చేర్చుకునే ముందు అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు ఉన్నాయేమో ఎండోస్కోపీతో చూశారు, ఉంటే వాటికి వైద్యం చేశాకే మందు మొదలుపెట్టారు. బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం ముప్పు ఉంది కాబట్టి. ట్రయల్ ఫలితం చూసి మందు రాసి, ఎండోస్కోపీ సంగతి మరిచిపోతే ఆ ఫలితం మనకు వర్తించదు.

ఇప్పుడు రెండో వైపు. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న ఊపిరితిత్తుల కేన్సర్‌లో ఒసిమెర్టినిబ్ మాత్రకు దుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు జోడించిన టాటన్ ట్రయల్ తొలి నివేదికలో, 34 మందిలో 13 మందికి ఊపిరితిత్తుల కణజాలం వాచింది. దీంతో కౌరల్ అనే ఫేజ్ 3 ట్రయల్‌లో కొత్తవాళ్లను చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. ఏఎల్‌కే మార్పు ఉన్నవాళ్లకు క్రిజోటినిబ్ మాత్రతో నివోలుమాబ్ కలిపినప్పుడు తొలి 13 మందిలో అయిదుగురికి కాలేయం తీవ్రంగా దెబ్బతింది, వాళ్లలో ఇద్దరు చనిపోయారు. మెలనోమా అనే చర్మ కేన్సర్‌లో వెమురాఫెనిబ్ మాత్ర, ఇపిలిముమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కలిపితే కాలేయ ఎంజైములు ఎగబాకడంతో ఆ జంటను తొలి ఫేజ్‌లోనే వదిలేశారు. ఈ మందులన్నీ విడివిడిగా అనుమతి పొందినవే, విడివిడిగా మంచివే. రెండు మంచి మందులు కలిస్తే ఇంకా మంచి మందు అవుతుందనే లెక్క ఇక్కడ తప్పింది.

ఒకేసారి ఇవ్వకపోయినా ముప్పు పూర్తిగా పోదు, వరస కూడా ముఖ్యమే. 2019లో వచ్చిన ఒక పరిశీలనలో, ముందు ఇమ్యునోథెరపీ తీసుకుని తర్వాత ఒసిమెర్టినిబ్ మొదలుపెట్టిన 41 మందిలో ఆరుగురికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. మూడు నెలల లోపే మాత్ర మొదలుపెట్టిన 21 మందిలోనే అయిదుగురు. ముందు ఒసిమెర్టినిబ్, తర్వాత ఇమ్యునోథెరపీ తీసుకున్న 29 మందిలో ఒక్కరికీ రాలేదు. కారణం పెంబ్రోలిజుమాబ్ లాంటి యాంటీబాడీలు ఒంట్లో సగానికి తగ్గడానికే మూడు వారాలకు పైగా పడుతుంది, టీ కణాల మీద వాటి పట్టు నెలల తరబడి ఉంటుంది. ‘ఇంజెక్షన్ ఆపేసి రెండు నెలలైంది’ అంటే మందు ఒంట్లో లేదని కాదు. అందుకే ఊపిరితిత్తుల కేన్సర్‌లో జన్యు పరీక్షల రిపోర్టు చేతికి రాకుండా తొందరపడి ఇమ్యునోథెరపీ మొదలుపెట్టడం మంచిది కాదంటాం. ఆ రిపోర్టుకు పట్టే రోజులు భారంగానే ఉంటాయి. తప్పదు.

మెలనోమాలో వరస మీదే నేరుగా ఒక ట్రయల్ జరిగింది, పేరు డ్రీమ్‌సెక్. బీరాఫ్ మార్పు ఉన్న 265 మందిలో కొందరికి ముందు ఇమ్యునోథెరపీ జంట (నివోలుమాబ్, ఇపిలిముమాబ్), మిగతావాళ్లకు ముందు మాత్రల జంట (డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్). రోగం పెరిగితే రెండోది. రెండేళ్ల దగ్గర ముందు ఇమ్యునోథెరపీ తీసుకున్నవాళ్లలో 71.8 శాతం, ముందు మాత్రలు తీసుకున్నవాళ్లలో 51.5 శాతం బతికి ఉన్నారు. తొలి నెలల్లో మాత్రం మాత్రల వర్గమే మెరుగ్గా కనిపించింది, గ్రాఫులో రెండు వర్గాల గీతలు తర్వాత ఒకదాన్నొకటి దాటాయి. ఆరు నెలలకే లెక్క కట్టేసి ఉంటే తీర్పు తలకిందులయ్యేది.

ఇదే మెలనోమాలో మూడు మందులు (రెండు టార్గెటెడ్ మాత్రలు, ఒక ఇమ్యునోథెరపీ మందు) కలిపిన రెండు ట్రయల్స్ పక్కపక్కన పెట్టి చూడటం మంచి పాఠం. ఐఎంస్పైర్150లో రోగం పెరగకుండా ఉన్న మధ్యస్థ కాలం 10.6 నెలల నుంచి 15.1కి పెరిగింది, గెలిచిందన్నారు, 2020లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. కోంబీ-ఐలో 12.0 నుంచి 16.2కి పెరిగింది, ఓడిందన్నారు. పెరుగుదల దాదాపు ఒకటే. కానీ రెండోదాంట్లో ఫలితం కాకతాళీయం కాదని చెప్పడానికి ముందే గీసుకున్న గణాంక గీత 0.025 అయితే, వచ్చింది 0.042. గీతకు అటో ఇటో అన్నంత మాత్రాన మందు గుణం రాత్రికి రాత్రి మారదు. అదే కోంబీ-ఐలో తీవ్రమైన దుష్ప్రభావాలు 33 శాతం నుంచి 55 శాతానికి ఎగిశాయి, రోగికి ఈ అంకె కూడా అంతే అవసరం. ఐఎంస్పైర్150లో మూడు మందులూ ఒకేరోజు మొదలుపెట్టలేదన్నది కూడా గమనించాలి. మొదటి 28 రోజులు మాత్రలే ఇచ్చి, వెమురాఫెనిబ్‌ను పూటకు 960 మిల్లీగ్రాముల నుంచి 720కి దించి, ఆ తర్వాతే అటెజోలిజుమాబ్ ఎక్కించారు.

చిన్న ట్రయల్ అంకెలకు పొంగిపోకూడదనడానికి పెద్దపేగు కేన్సరే సాక్ష్యం. రెగొరాఫెనిబ్ మాత్ర, నివోలుమాబ్ కలిపిన తొలి ట్రయల్‌లో 25 మంది పెద్దపేగు కేన్సర్ రోగుల్లో 36 శాతం మందికి కణితి తగ్గింది. అదే జంటను వేరే చోట 70 మందికి ఇస్తే 7 శాతమే. తగ్గినవాళ్లందరూ కాలేయానికి కేన్సర్ పాకనివాళ్లే. అదే పేగు కేన్సర్‌లో అటెజోలిజుమాబ్, కోబిమెటినిబ్ మాత్ర జంట కూడా తొలి ఫేజ్‌లో ఊరించి, 363 మందితో జరిగిన ఫేజ్ 3లో నిలబడలేదు. కిడ్నీ కేన్సర్‌లో ఒకసారి ఇమ్యునోథెరపీ పనిచేయడం మానేశాక కాబొజాంటినిబ్‌కు మళ్లీ అటెజోలిజుమాబ్ కలిపితే ఏమైనా ఉంటుందా అని 522 మందితో చూశారు. రోగం ఆగిన కాలం 10.6 నెలలు, మాత్ర ఒక్కదానితో 10.8. ఉపయోగం లేదు, తీవ్రమైన ఇబ్బందులు మాత్రం పెరిగాయి.

ఇక రోజువారీ వైద్యంలో అసలు తంటా ఎక్కడ వస్తుందో చెప్పాలి, వార్తల్లో బొత్తిగా కనిపించనిది ఇదే. ఎద్దునూ దున్ననూ ఒకే కాడికి కట్టినట్టు, ఈ రెండు మందుల నడక ఒకటి కాదు. ఇబ్బందులు మాత్రం ఒకేలా ఉంటాయి. విరేచనాలు రెండిటి వల్లా వస్తాయి, కాలేయ ఎంజైములు రెండిటి వల్లా పెరుగుతాయి, థైరాయిడ్ రెండిటి వల్లా మందగిస్తుంది. విరేచనాలు, కాలేయం విషయంలో వైద్యం మాత్రం పూర్తిగా వేరు. మాత్ర వల్ల వస్తే మాత్ర ఆపితే చాలు. ఇమ్యునోథెరపీ వల్ల వస్తే స్టెరాయిడ్ పెట్టాలి, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. అనవసరంగా స్టెరాయిడ్ పెడితే ఇన్ఫెక్షన్లు, షుగరు.

ఆక్సిటినిబ్, పెంబ్రోలిజుమాబ్ తీసుకుంటున్న మనిషికి అయిదో వారంలో విరేచనాలు మొదలయ్యాయనుకుందాం. మామూలుగా రోజుకు ఒకసారి వెళ్లే మనిషి ఆరేడుసార్లు వెళ్తున్నారు. మామూలు కన్నా నాలుగు నుంచి ఆరు ఎక్కువైతే తీవ్రతలో గ్రేడ్ 2, ఏడు లేదా అంతకు మించి ఎక్కువైతే గ్రేడ్ 3. ఇక్కడ పనికొచ్చేది ఆక్సిటినిబ్ స్వభావం. అది ఒంట్లో సగానికి తగ్గడానికి రెండున్నర నుంచి ఆరు గంటలు చాలు. కాబట్టి పరిస్థితి మరీ తీవ్రంగా లేకపోతే ముందు మాత్ర ఆపి, మల పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదని చూసుకుని, రెండు మూడు రోజులు గమనిస్తారు. విరేచనాలు గబగబా తగ్గితే దోషం మాత్రది. తగ్గకపోయినా, రక్తం జిగురు పడినా, కడుపులో నొప్పి ఉన్నా, రాత్రి నిద్రలో లేచి వెళ్లాల్సి వచ్చినా ఇమ్యునోథెరపీ వల్ల పేగు వాచిందని అనుమానించి, కిలో బరువుకు రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతారు. తగ్గాక ఒక్కసారిగా ఆపకూడదు. నాలుగు వారాలకు తగ్గకుండా మెల్లగా దించాలి. తొందరగా దించితే మళ్లీ మొదటికొస్తుంది. ఈ మధ్యలో విరేచనాలు ఆపే లోపెరమైడ్ మింగుతూ ఇంట్లోనే సర్దుకుపోవడమే మేం చూసే అతి పెద్ద పొరపాటు. లక్షణాన్ని దాచేస్తుంది, వాపు లోపల పెరుగుతూనే ఉంటుంది.

ఈ ఉపాయం అన్ని జంటలకూ పనికిరాదు. కాబొజాంటినిబ్ సగానికి తగ్గడానికి నాలుగు రోజులు పడుతుంది, రెండు రోజులు చూసి తేల్చలేం. బెవాసిజుమాబ్‌కైతే దాదాపు మూడు వారాలు. కాలేయం విషయంలోనూ పద్ధతి ఇదే. ఆక్సిటినిబ్, పెంబ్రోలిజుమాబ్ జంటలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైము మామూలు గరిష్ఠానికి అయిదు రెట్లు దాటింది, ఏ ఒక్క మందుతోనూ అంత ఎక్కువమందికి దాటదు. అందుకే తొలి నెలల్లో రక్తపరీక్ష ఇంజెక్షన్ రోజుకు ముందే చేయించుకుని రిపోర్టు చేతిలో పెట్టుకుని రావాలి. ఒకటి గుర్తుంచుకోవాలి, పేగు వాపు స్టెరాయిడ్‌కు లొంగనప్పుడు వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను కాలేయ వాపుకు వాడరు, అక్కడ స్టెరాయిడ్‌కు లొంగకపోతే మైకోఫినోలేట్ అనే మందు వైపు వెళ్తారు.

నీరసం సంగతి అంతకన్నా మోసం. ‘మందుల వల్ల నీరసం మామూలే’ అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. మాత్ర వల్ల కావచ్చు, థైరాయిడ్ తగ్గడం వల్ల కావచ్చు, పిట్యూటరీ లేదా అడ్రినల్ గ్రంథి దెబ్బతినడం వల్ల కూడా కావచ్చు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్, నీరసం మరీ ఎక్కువైతే పొద్దున్నే అడ్రినల్ హార్మోన్ కార్టిసాల్ చూడాలి. కార్టిసాల్, థైరాయిడ్ రెండూ తక్కువగా ఉంటే ముందు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్, తర్వాతే థైరాయిడ్ మాత్ర. ఈ వరస తిరగబడితే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది.

వీఈజీఎఫ్ మాత్రలు మొదలుపెట్టిన వారాల్లో ఇంట్లో బీపీ రోజూ చూసి రాసుకోవాలి. బీపీ మందులు వేసుకుంటున్నా 160/100 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మాత్ర ఆపి ఫోన్ చేయాలి. మోతాదు తగ్గించడాన్ని ఓటమిగా చూడొద్దు. లెన్వాటినిబ్ 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టిన పెద్ద ట్రయల్స్‌లోనే సుమారు మూడింట రెండొంతుల మందికి మోతాదు తగ్గించారు, ఆ మంచి ఫలితాలు అలా తగ్గించినవాళ్లతో కలిపి వచ్చినవే. పన్ను పీకించుకోవాలన్నా, ఏ చిన్న ఆపరేషన్ అయినా ముందే చెప్పాలి. ఈ మందులతో పుండు త్వరగా మానదు. ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్‌కు ఆక్సిటినిబ్ కనీసం 2 రోజులు, లెన్వాటినిబ్ వారం, కాబొజాంటినిబ్ 3 వారాలు, బెవాసిజుమాబ్ 28 రోజుల ముందు ఆపాలి.

ట్రయల్‌లో చేరమని అడిగితే సంతకానికి ముందు ఏం అడగాలి? ఇది ఏ ఫేజ్, నాకు జంట రాకపోతే ఏం వస్తుంది, ఆ వచ్చేది ఇప్పుడు బయట దొరికే మంచి వైద్యానికి తీసిపోదా అన్నవి మొదటివి. ఫేజ్ 1 అయితే దాని ఉద్దేశం సురక్షితమైన మోతాదు కనుక్కోవడం. అక్కడ దుష్ప్రభావాలను మొదటి 21 లేక 28 రోజులే లెక్కలోకి తీసుకుని మోతాదు తేలుస్తారు, ఇమ్యునోథెరపీ ఇబ్బందులు మూడో నెలలోనూ ఆరో నెలలోనూ మొదలవుతాయి. ఆ లెక్కలో అవి దొరకవు. ఇంకో సంగతి, రోజుకు 10 మిల్లీగ్రాములకు మించి ప్రెడ్నిసొలోన్ వాడుతున్నవాళ్లను, కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బుకు వైద్యం జరుగుతున్నవాళ్లను, మంచానికి అంటుకుపోయినవాళ్లను ఇలాంటి ట్రయల్స్‌లో సాధారణంగా చేర్చుకోరు. కాబట్టి ఆ ఫలితాలు అలాంటివాళ్లకు అంతే కచ్చితంగా వర్తిస్తాయని చెప్పలేం. వాడుతున్న ప్రతి మందూ చెప్పాలి, మూలికా మందులు, ఫంగస్ మాత్రలు, యాంటీబయాటిక్స్ సహా. కీటోకొనజోల్, క్లారిత్రోమైసిన్ లాంటివి ఆక్సిటినిబ్‌ను రక్తంలో పోగుపడేలా చేస్తాయి, మోతాదు తెలియకుండానే ఎక్కువవుతుంది.

స్కాన్ రిపోర్టు గురించి కూడా ఒక మాట. కొలిచే కణితుల మొత్తం పొడవు 30 శాతం తగ్గితేనే ‘స్పందన’, 20 శాతం పెరిగినా కొత్త కణితి కనిపించినా ‘పెరుగుదల’ అంటారు. మధ్యలో ఉన్నదంతా ‘నిలకడ’. మొదటి స్కాన్‌లో నిలకడ అని వస్తే మందు పనిచేయలేదని అనుకోనక్కర్లేదు. ఇమ్యునోథెరపీలో తొలి స్కాన్‌లో కాస్త పెరిగినట్టు కనిపించి తర్వాత తగ్గే సందర్భాలు కొన్ని ఉంటాయి, అందుకే 2017 నుంచి ట్రయల్స్‌లో 4 నుంచి 8 వారాల్లో మరో స్కాన్‌తో నిర్ధారించే పద్ధతి వచ్చింది. అలాంటివి అరుదు. మనిషి నీరసించిపోతూ, బరువు తగ్గుతూ ఉంటే అది నిజమైన పెరుగుదలే అయ్యే అవకాశం ఎక్కువ.

పత్రికకు మా విన్నపం చిన్నది. ఇలాంటి వార్త వేసినప్పుడు ఫేజ్, ఎంతమంది, దేనితో పోల్చారు, పెరిగింది ఆయుష్షా లేక రోగం ఆగిన కాలమా, తీవ్రమైన ఇబ్బందులు ఎందరికి అన్నవి రెండు వాక్యాల్లో ఇవ్వండి. చివర ఆ ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు వేయండి. మూడేళ్ల తర్వాత ఆ లెక్కలు ఎలా మారాయో చూడాలనుకున్నవాళ్లు ఆ నంబరుతో వెతుక్కుంటారు.

ఇట్లు,
కేన్సర్ క్లినికల్ ట్రయల్స్‌లో పనిచేసే వైద్యులు, నర్సులు